చుట్టాలు వచ్చినప్పుడల్లా

పాలు పోయకుండా ఉండాల్సింది అంటుంది ఈ నర్సు, నిన్నా అన్నది, ఇవాళా అంటోంది, పాలు కాకపోతే మరేం పోస్తారు, పాము కరిచిన మనిషికి పాలు పోశాం, పురిటి మంచం మీది మనిషికి పాలు పోశాం, నా పెనిమిటి ఆఖరి గుక్క తాగింది పాలే, దూడల కొట్టంలో నోట నురగ కక్కుతూ పడి ఉన్న పిల్లకు తల ఎత్తి పట్టుకుని పాలు పోయక చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతామా, కానీ ఆ పాలు కొన్ని ఊపిరితిత్తిలోకి పోయాయట, పైగా వెన్న ఉన్న పాలతో ఆ విషం ఇంకా తొందరగా ఒంట్లోకి ఇంకుతుందట, ఆ మాట డాక్టరు మతోవు చెప్పాడు, నెమ్మదిగా చెప్పాడు, ఇలా చాలామందికి చెప్పి చెప్పి అరిగిపోయిన గొంతుతో, నేను విని తల ఊపాను, చెక్క పాలకుండ ఇంకా మంచం కింద నా చాప పక్కనే ఉంది, ఖాళీది, మూత పెట్టి ఉంది.

కొబురుంగి నా కోడలు, నా కొడుకు ముగరూరా భార్య, ఇనప మంచం మీద పక్కకు ఒత్తిగిలి ఉంది, అలాగే ఉంచాలట, వెల్లకిలా వేస్తే నోట్లో ఊరే నీళ్ళు లోపలికి పోతాయట, ఆవుల ఒంటి మీది పిడుదులను చంపే మందు తాగింది అని అందరూ అంటున్నారు, నేనూ అంటున్నాను, మూత తీసిన మందు డబ్బా పక్కన పడి ఉన్న ఆడదాన్ని ఇంకేమంటారు, అందులోనూ మగడు పట్నంలో ఇంకొకతెను పెట్టుకున్నాడని ఊరంతా తెలిసిన ఆడదాన్ని, ఎందుకు తాగావే అని మొదటి రోజంతా దాని చెవిలో అడిగాను, అది వినే స్థితిలో లేదు, ఒంట్లో ఉన్న నీళ్ళన్నీ బయటికి దారి వెతుక్కుంటున్నట్టు నోటి వెంట, ముక్కు వెంట, కళ్ళ వెంట, కింద నుంచి కూడా, కంటిపాపలు చూస్తే ఆవగింజంత, రెప్ప ఎత్తి టార్చి వేసినా అంతే, తొడల మీద, బుగ్గల మీద చర్మం కింద కండ దానంతట అది అదురుతోంది, ఈగ వాలిన చోట ఆవు చర్మం వణికినట్టు, అచ్చం అలాగే, నాకు అది చూడగానే బిహోగో గుర్తొచ్చింది, మా మందలో ఎర్రావు, మనిషి చావుబతుకుల్లో ఉంటే ఆవు గుర్తు రావడమేమిటని నాకు నేనే అనుకున్నాను.

నర్సు పేరు లాకెర్, ఉత్తరాది మనిషి, పొడుగ్గా దిట్టంగా ఉంటుంది, మా భాషను రాళ్ళ మీద బండి నడిపినట్టు మాట్లాడుతుంది, ఆ రోజు మేము వచ్చీ రాగానే చేతులకు తొడుగులు వేసుకుని కత్తెరతో కొబురుంగి బట్టలన్నీ కత్తిరించింది, నేను అడ్డం పడబోయాను, కోడలి ఒళ్ళు అందరి ముందూ ఏమిటని, ముసలమ్మా, సిగ్గు తర్వాత వెతుక్కుందువుగాని ముందు ఊపిరి వెతుకుదాం అంది, బక్కెట్ల కొద్దీ నీళ్ళు, సబ్బు, తల వెంట్రుకల నుంచి కాలి గోళ్ళ దాకా, ఆ బట్టలు సంచిలో కట్టి గుంటలో పడేయించింది, ఆ తర్వాత సూది, కాసేపు ఆగి ఇంకో సూది, దానికి రెట్టింపు, మళ్ళీ దానికి రెట్టింపు, ప్రతిసారీ డాక్టరు రొమ్ముకు గొట్టం పెట్టి వింటాడు, ఇంకా తడిగా ఉంది అంటాడు, ఇంకా ఇవ్వండి అంటాడు, ఊపిరితిత్తి ఆరాలట, గుండె పరిగెత్తాలట, కంటిపాప విచ్చుకోవాలట, అప్పుడు మందు సరిపోయినట్టు, నేను గోడకు ఆనుకుని చూస్తున్నాను, కుండలు కడిగి పొగ పట్టించేటప్పుడు లోపల ఇంకా తడి ఉందా అని మూతి దగ్గర చెయ్యి పెట్టి చూస్తాం, అలా చూస్తున్నాడు ఈ కుర్రవాడు మనిషి లోపలి తడిని.

ఆరింది, ఆ మర్నాటి పొద్దుటికల్లా ఆరింది, డాక్టరు నవ్వాడు కూడా, ఇంకో మందు ఉంటే బాగుండేదమ్మా, అది ఇక్కడికి రాదు, అయినా ఈమె గట్టిపిల్ల అన్నాడు, పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, ఇంటి నుంచి తెచ్చినవాటిలో ఆ మందు తగిలినవి ఇంకేమన్నా ఉన్నాయా అని అడిగాడు, లేవయ్యా అన్నాను, తాగిన మందు ఎవరికి తగులుతుంది, కడుపుకు తప్ప.

నా కళ్ళు మండుతున్నాయి, నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముక్కు కూడా, పక్క మంచం దగ్గర ఉన్నామె అరటిపండు చేతిలో పెట్టి ఏడవకు వదినా, నీ కోడలు లేస్తుంది అంది, నేను ఏడవడం లేదు అన్నాను, నమ్మలేదు, నిజంగానే ఏడవడం లేదు, పెనిమిటి పోయిన రోజు కూడా నేను కార్చింది తక్కువ, నన్ను రాయి అన్నారు అప్పుడు, ఇప్పుడేమో మెత్తని మనిషి అంటున్నారు, కళ్ళకూ మనసుకూ మధ్య దారి తెగిపోయి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టుంది, చూపు కూడా మసకగా ఉంది, నిద్ర లేక అనుకున్నాను.

నిన్న సాయంత్రం మా బావగారు వచ్చాడు, నా పెనిమిటికి అన్న, బారిగ్యే, కర్ర చంకలో పెట్టుకుని టోపీ తీయకుండా, వెనక చర్చి వాళ్ళు, గుమ్మంలో ఆయన దగ్గు వినపడగానే నేను చేసిన మొదటి పని పెద్దగుడ్డ తీసి కొబురుంగిని నెత్తి దాకా కప్పడం, మా ఇళ్ళలో పెళ్ళయిన ఆడది నిండుగా కప్పుకునే గుడ్డ, మామ వరస వాళ్ళ కంట కోడలి ముఖం పడకూడదు, బతికున్నా చస్తున్నా, ఆసుపత్రి వాళ్ళు ఇచ్చేది మోకాళ్ళ దాకా రాని పలచటి దుప్పటి, బయల్దేరేటప్పుడు తలుపు వెనక మేకుకు ఉన్న దాని గుడ్డను లాక్కుని చంకలో పెట్టుకోవడమే మంచిదయింది అనుకున్నాను, ఆయన ప్రార్థన అయ్యేదాకా నిలబడి, తర్వాత కూర్చుని, ఆవుల సంగతి, వాన సంగతి మాట్లాడి వెళ్ళేసరికి గుడ్డ కింద నుంచి గురగుర చప్పుడు, తీసి చూస్తే నోట మళ్ళీ నురగ, చెమట, కంటిపాప మళ్ళీ ఆవగింజ, లాకెర్ పరుగెత్తుకొచ్చింది, మళ్ళీ సూదులు, రెట్టింపు, రెట్టింపు, అన్నీ అయ్యాక నుదురు తుడుచుకుంటూ అంది, మీ చుట్టాలు వస్తే చాలు ఈమెకు జబ్బు ముదురుతోంది ముసలమ్మా, మీ ఆవుల వాళ్ళను చూస్తే నాకూ అలాగే ఉంటుందిలే, పక్క మంచం ఆమె నవ్వింది, నేనూ నవ్వాను, అలాంటప్పుడు కూడా నవ్వు వస్తుంది.

కొన్ని విషాలు కొవ్వులో దాక్కుని మళ్ళీ మళ్ళీ పైకొస్తాయి అన్నాడు డాక్టరు, అది కావచ్చు అన్నాడు, కావచ్చు అన్న మాటకు ముందు కాసేపు ఆగాడు, నాకు వేరేగా తోచింది, పోదామని నిశ్చయించుకున్న మనిషిని సూదులు ఎంతసేపు పట్టుకుంటాయి, వెనక్కి లాగుతున్నారు, అది మళ్ళీ పోతోంది, అంతే అనుకున్నాను.

ఇవాళ మధ్యాహ్నం బాగుంది, మరీ బాగుంది అనాలేమో, రాత్రి ఆ గుడ్డ అంచు ఉచ్చకు తడిస్తే పొద్దున అంచు మాత్రం జాడించి కిటికీ మీద ఎండకు ఆరేశాను, కొబురుంగి పలచటి దుప్పటి కింద ఎండు నోటితో, పెదవులు పగిలి, కళ్ళు పిల్లి కళ్ళలా నల్లగా విచ్చుకుని, ఒళ్ళు కాలిపోతూ మాట్లాడుతోంది, మాతో కాదు, సూది మందు కాస్త ఎక్కువయింది, పర్వాలేదు, తగ్గిస్తాం, ఇలా మాట్లాడటం దాని గుణం అంది లాకెర్, కొబురుంగి కదలకే అంటోంది, కదలకే సీనా, నువ్వొక్కదానివే మిగిలావు, సీనా మా మచ్చల ఆవు, పొగరుబోతుది, ఒక చెయ్యి పక్కన కిందికీ పైకీ, కిందికీ పైకీ, ఇంకో చెయ్యి ముందుకు చాచి, పాలు పితుకుతోంది అనుకున్నాను, మాలో ఆడది పొదుగు ముట్టదు, పితికేది మగవాళ్ళు, ఇప్పుడు పాలకు మాత్రం బావగారి మనిషి వచ్చి పితికి పోతాడు, మేము చిలుకుతాం, కుండలు కడుగుతాం, పొగ పెడతాం, చాటుగా పితికిందా ఇది, ఎవరైనా చూస్తారేమోనని ఆ చేతుల మీద నా చెయ్యి వేసి నొక్కాను, ఆగలేదు, సన్నటి చేతులు, ఎంత బలమో, కిందికీ పైకీ.

అప్పుడే ముగరూరా, వాడి వెనక బావగారు, గుమ్మంలో దగ్గు, నేను కిటికీ మీది గుడ్డ లాగి, ఎండకు వెచ్చగా ఉంది, దాన్ని మెడ దాకా, నెత్తి దాకా, ఆ చేతులు కూడా కనపడకుండా చుట్టేశాను, ముగరూరా లోపలికి రాలేదు, గడపకు ఆనుకుని కూర్చున్నాడు, పట్నం బూట్లు వేసుకుని, దుమ్ము పట్టి ఉన్నాయి, వాడి ముఖం వాళ్ళ నాన్నదే, తప్పు చేసినప్పుడు మరీను, బావగారు చెప్పాల్సింది చెప్పాడు, ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు, మరదలా, ఈ పిల్ల బతికితే దాని పుట్టింటికి పంపెయ్యి, మందు తాగినదాని చేతి పాలు మా ఇంట్లో ఎవరం తాగం, ముగరూరా తల ఎత్తలేదు, నువ్వేమంటావురా అన్నాను, నేనేమంటానమ్మా, నా మీద కోపంతో తాగింది, నా ముఖం చూస్తుందా అది అన్నాడు, కుండలు ముట్టనివ్వని ఇంట్లో కోడలు ఎలా ఉంటుంది, బతికితే అటు, చస్తే ఇటు, నేను తడికళ్ళతో కూర్చున్నాను, ఆయన ఆ నీళ్ళు చూసి ఊరుకోమన్నాడు, ఓదార్చాడు, నేను ముక్కు తుడుచుకున్నాను.

వాళ్ళు వరండాలోకి పోయారు, గురగుర, మళ్ళీ అదే గురగుర, ఈసారి చప్పుడు చిన్నగా ఉంది, లోతుగా ఉంది, డాక్టరు వచ్చాడు, గుడ్డ నడుము దాకా దించి రొమ్ము విన్నాడు, తల ఎత్తమ్మా, కొబురుంగీ, దిండు మీద నుంచి తల ఎత్తు అన్నాడు, ఎత్తలేదు, మెడ అలాగే ఉంది, పొద్దున ఎత్తిందే అన్నాడు తనలో తాను, మెడ ఎత్తలేని మనిషికి తర్వాత ఆగిపోయేది ఊపిరేనట, ఊపిరి ఆడించే యంత్రం ఎంబరారా పెద్దాసుపత్రిలో ఉంది, ఊపిరి దారిలోనే ఆగిపోవచ్చు, బండిని అడుగుతాను అని బయటికి పోయాడు, సూది మందు పెట్టె అడుగు కనపడుతోంది సిస్టర్, మిగిలింది అంతా ఈమెకే అన్న మాట పోతూ అన్నాడు, లాకెర్ సూది ఎక్కిస్తూ నా వైపు చూడకుండా, చెప్పానా, మీ చుట్టాలు వచ్చినప్పుడల్లా అంది, ఈసారి నవ్వడానికి కాదు.

వచ్చినప్పుడల్లా, నిన్న వచ్చినప్పుడు, ఇవాళ వచ్చినప్పుడు, వాళ్ళు వస్తే ఏమవుతుంది, దగ్గుతారు, ప్రార్థన చేస్తారు, టోపీ తీయరు, దాన్ని ముట్టుకోరు, దాని ముఖం కూడా చూడరు, చూడకుండా నేను, నేను కప్పుతాను, కిందికీ పైకీ, లాకెర్ సూది గొట్టం నొక్కుతోంది, ఇంకో చెయ్యి చాచి పైపు పట్టుకుంది, కిందికీ పైకీ, పొదుగు పితికే చేతులు రెండూ ఒక్కచోట ఆడతాయి, ఒకటి పక్కన పిడి కొట్టి ఒకటి ముందుకు చాపదు, ఎన్నేళ్ళు చూశాను నా పెనిమిటిని అలా, వీపున మందు పంపు వేసుకుని, ఎడమచేత్తో పిడి కొడుతూ, కుడిచేత్తో గొట్టం ఆవు పొట్ట కింద చాచి, కదలకే అని అరుస్తూ, ఆయన పోయాక ముగరూరా ఆ మందు కొట్టాడు, ముగరూరా పట్నం పోయాక జీతగాడు కొట్టాడు, జీతగాడు వేరే మందకు పోయాడు, ఆ తర్వాత, ఆ తర్వాత ఎవరు, ఆ పంపు అడుగున కారుతుంది, నా పెనిమిటి చొక్కా వీపు ఎప్పుడూ తడిసేది, తిట్టుకునేవాడు, పట్టీలు భుజాలు కోసుకుపోయేవి, గోనెసంచి మడిచి వీపున వేసుకునేవాడు, సన్నటి భుజాల పిల్ల ఏం మడిచి వేసుకుంటుంది, మేకుకు ఉన్న గుడ్డ చంకలో పెట్టుకున్నప్పుడు చల్లగా తగిలింది, ఒక పక్కే తడి, ఉతికిందేమో అనుకున్నాను, వాసన, ఆ వాసన మాకు వాసన కాదు, పిడుదుల మందు వాసన మా గోడలకు, మా దూడలకు, మా మగవాళ్ళకు ఎప్పుడూ ఉండేదే, ఆదివారం చర్చిలో పాటలతో పాటు ఉండేదే, ఈ మధ్య పిడుదులు చావడం లేదని అందరూ చిక్కగా కలుపుతున్నారు, రెండు రాత్రులు ఆ గుడ్డ చెంగు మీదే తల పెట్టి పడుకున్నాను నేను, నా కళ్ళు.

లాగేశాను, మనిషి మొత్తం బయటపడింది, వరండాలో బావగారు ఉన్నాడు, తలుపు తీసే ఉంది, ఉండనీ, గుడ్డను నేల మీదికి విసిరి కాలితో మంచం కిందికి కాదు, దూరంగా, గోడ దాకా తన్నాను, లాకెర్ నాకు పిచ్చెక్కిందనుకుంది, నీళ్ళు అన్నాను, సబ్బు, మళ్ళీ కడుగు, ఆ గుడ్డకుంది మందు, తాగలేదు ఇది, వీపున వేసుకుంది, ఆ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఆమె వంగి గుడ్డ దగ్గర ముక్కు పెట్టింది, ఆమె ఉత్తరాది మనిషి, ఆమె ముక్కుకు అది వాసనే, ముఖం పక్కకు తిప్పుకుంది, డాక్టరును కేకేసింది, అతను వచ్చి చూసి చేతులకు తొడుగులు వేసుకుని తానే బక్కెట్ ఎత్తాడు, బోర్లా తిప్పితే వీపు మీద రెండు పట్టీల గీతలు, భుజం నుంచి నడుము దాకా, ఒరుసుకుపోయి నల్లగా, మొదటి రోజు కడిగినప్పుడూ ఉండే ఉంటాయి, పడిపోయిన దెబ్బలు అనుకుని ఉంటాం, నీ చేతులు, నీ ముఖం, నువ్వూ కడుక్కో, బట్టలు మార్చుకో అంది లాకెర్, కడుక్కున్నాను, మార్చుకున్నాను, బావగారు గుమ్మంలోకి వచ్చి కోడలి ఒంటి మీద గుడ్డ లేకపోవడం చూసి గిర్రున తిరిగాడు, కప్పు మరదలా అన్నాడు గోడకేసి చూస్తూ, కప్పను బావగారూ అన్నాను, నా జన్మలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలు, చిన్నగానే చెప్పాను.

తర్వాత చేసేదేమీ లేదు, చూడటమే, మిగిలిన సూదులు ఒక్కొక్కటిగా అయిపోతుంటే, ఊపిరి పోసే సంచి లాకెర్ కాసేపు, డాక్టరు కాసేపు నొక్కుతుంటే, బండి వచ్చి బయట ఆగి ఉంది, ఇంజను ఆపేశారు, కదిలిస్తే ప్రమాదం, కాసేపు చూద్దాం అన్నారు, ముగరూరా గడప దాటి లోపలికి వచ్చాడు, బూట్లు విప్పి వచ్చాడు ఎందుకో, దాని పాదాల దగ్గర నిలబడి భుజాల మీది గీతలను చూశాడు, వాడి భుజం మీదా ఉన్నాయి పాత గీతలు, చెయ్యి పైకెత్తి చొక్కా మీద నుంచే తడుముకున్నాడు, ఆరుతోంది అన్నాడు డాక్టరు, గొట్టం చెవుల్లోంచి తీయకుండానే, కిటికీలో వెలుగు పోతూ మళ్ళీ వస్తూ, పొద్దు పొడిచేసరికి నా కళ్ళు పొడిగా ఉన్నాయి, చూపు తేటగా ఉంది, గోడ మీద బల్లి తోక దాకా కనిపిస్తోంది.

తల ఎత్తమ్మా అన్నాడు డాక్టరు, కొబురుంగి దిండు మీద నుంచి తల ఎత్తింది, కాస్తే, వెంట్రుకలు దిండుకు అంటుకున్నాయి, ఎత్తి ఉంచింది, పడేయలేదు, నన్ను చూసింది, అత్తా అంది, గొంతు గీరుకుపోయి ఉంది, చెవి దగ్గర పెట్టాను, సీనాకు కొట్టలేదు అత్తా, అది కదిలింది, మందు అయిపోయింది, పంపు దించి, తడిసిన గుడ్డ మేకుకు తగిలించి, మళ్ళీ కలుపుదామని వెళ్ళాను, అంతే చెప్పి కళ్ళు మూసుకుంది, నిద్రే, మామూలు నిద్ర, ముగరూరా విన్నాడు, బావగారు విన్నాడో లేదో తెలియదు, గోడకేసే నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో ఉంది, నేను మంచం కింది పాలకుండను దగ్గరికి లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాను, ఎందుకు తాగావే అని మొదటి రోజంతా దాని చెవిలో అడిగాను కదా, జీతగాడు పోయినప్పటి నుంచి బిహోగో చెవుల్లో ఒక్క పిడుదు లేదు, తోక కింద లేదు, పొదుగు శుభ్రంగా ఉంది, రోజూ ఆ పాలు కోడలు ఈ కుండలో పోసి ఇస్తే తాగాను, ఆవులు బాగున్నాయి అని నేనే అన్నాను, మందు ఎవరు కొడుతున్నారు అని ఒక్కరోజూ అడగలేదు.